మెడకు నీలం దారం కట్టిన సీసా

ఓకునో, జపాన్
3 మార్చి 1984

అక్కా,

బతికే ఉన్నాను. విమానంలో పద్దెనిమిది గంటలు, రైల్లో ఐదు గంటలు, ఆపైన మంచులో సకూమా పాత వ్యానులో మరో గంట కూర్చున్నాను. నడుము ఎక్కడుందో ఇంకా వెతుక్కుంటున్నాను.

సకూమా స్టేషనుకే వచ్చాడు. మన ఇంట్లో పద్నాలుగు నెలలు అద్దెకుండి, మన బట్టీలో విస్కీ కాయడం నేర్చుకుని వెళ్ళిన ఆ సన్నటి మనిషి కాదిప్పుడు. జుట్టు సగం నెరిసింది. సొంత బట్టీ పెట్టి ఇరవై మందికి పని ఇస్తున్నాడు. కానీ వాలకం చూస్తే వ్యాపారం అంతంతమాత్రమే అనిపించింది. మోచేతుల దగ్గర అతుకులేసిన పాత నీలం స్వెట్టరు వేసుకొచ్చాడు, పాపం. నన్ను చూసి నడుం దాకా వంగాడు. లేచి నా వెనక్కి చూశాడు.

"ఎఫీ గారు దిగలేదా?" అన్నాడు.

"మా అక్కకి కోళ్ళున్నాయి" అన్నాను.

రైలు వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడి దాని వైపే చూశాడు. రైళ్ళంటే అంత ఇష్టమని నాకు తెలీదు.

ఇంట్లో నాకు రెండు గదులిచ్చాడు. ఒకదాంట్లో పడుకుంటున్నాను. రెండోదాంట్లో కొత్త దుప్పటి, కిటికీలో పూలకుండీ, గోడకో చిన్న అద్దం ఉన్నాయి. ఈ మొహానికి అద్దమెందుకని ఆ గదిలో బూట్లు ఆరబెట్టుకున్నాను.

ఇక వచ్చిన పని. పదకొండు పీపాలు రుచి చూసి ఒక్కోదానికీ నా మాట చెప్పాలి. మన బట్టీ మూతబడిన పది నెలల తర్వాత నా ముక్కుకి మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఇక్కడివాళ్ళు విస్కీ తాగే తీరు మాత్రం చూడలేకపోతున్నాను. గ్లాసు నిండా మంచుముక్కలు వేస్తారు, పైన నీళ్ళు పోస్తారు, అడుగున ఎక్కడో విస్కీ ఉందని నమ్ముకుని తాగుతారు. పక్కన ఎండు చేప. నిన్న ఒకాయన వేణ్ణీళ్ళు కలిపాడు. నేను లేచి బయటికెళ్ళి మంచులో కాసేపు నిలబడ్డాను.

పడవ రేవులో నువ్వు చెవిలో చెప్పిన పని మర్చిపోలేదు. మన ఊరు వదిలి వెళ్ళేటప్పుడు నువ్విచ్చిన సీసా అతను విప్పాడా లేదా, అది అడక్కుండా కనుక్కోవాలి. అడక్కుండా ఎలా కనుక్కోవాలో మాత్రం నువ్వు చెప్పలేదు.

ఇంకో మాట. సకూమా పంపిన రెండు టిక్కెట్లలో తిరుగు ప్రయాణానిది దారిలో పారేసుకుంటానని భయమేసి, ఇంట్లోనే నా మేజోళ్ళ సొరుగులో దాచి వచ్చాను. నెమ్మదిగా పంపించు.

నీ తమ్ముడు,
లాక్లన్


పోర్ట్ ఆర్నా, ఐలా ద్వీపం
14 మార్చి 1984

ఒరే లాక్లన్,

తిరుగు టిక్కెట్టు ఇంట్లో భద్రంగా పెట్టి ప్రయాణమైన మనిషిని ఈ ద్వీపం ఇంతవరకూ చూడలేదు. పంపిస్తాలే. ఆ సొరుగులో చెయ్యి పెట్టే ధైర్యం రావాలి ముందు.

నీ ఉత్తరం నాకంటే ముందు పోస్టాఫీసు ఇషబెల్ చేతిలో పడింది. విప్పలేదంటుంది కానీ, "మీవాడు మంచులో నిలబడ్డాడటగా" అని అడిగింది. బట్టీ మూసేశాక మగవాళ్ళంతా ఆ పోస్టాఫీసు బల్ల మీదే పడి ఉంటున్నారు. నీ ఉత్తరం చదివి వినిపించేదాకా నన్ను వదల్లేదు. చెవిలో మాట దగ్గర దగ్గు వచ్చినట్టు నటించి దాటేశాను.

అసలు నేను కనుక్కోమన్నది నాకేదో ఆత్రమై కాదు. మన ఊళ్ళో ఎవరైనా సీసా ఇస్తే ఏం చేస్తాం? బిరడా లాగి పొయ్యిలో పారేస్తాం. మళ్ళీ మూసే దారి ఉండకూడదు. ఉన్నవాళ్ళంతా కూర్చుని అడుగు కనిపించేదాకా లేవం. ఇచ్చినవాళ్ళకి అదీ గౌరవం. విప్పకుండా అటకెక్కించడమంటే నీ సరుకు నాకొద్దని మొహం మీద చెప్పడమే. మరి ఇతనేం చేశాడు? ఇరవై రెండేళ్ళుగా ఒక్క ఉత్తరం లేదు. ఏటేటా జనవరిలో ఒక కార్డు వస్తుంది. దాని మీద ఒక జంతువు. కింద మూడే మాటలు: "సీసా క్షేమంగా ఉంది." విప్పలేదని ఏడాదికోసారి గుర్తు చేయడం ఎంత పొగరు!

ఆ జంతువులైనా చూడతగ్గవా? అరవై ఐదులో పాము. అరవై ఎనిమిదిలో కోతి. డెబ్బై ఒకటిలో పంది. నేను ఆ ఏడు కాస్త ఒళ్ళు చేసిన మాట నిజమే, ఆ సంగతి జపాన్ దాకా ఎవరు మోశారు? పన్నెండేళ్ళాగి పోయినేడు మళ్ళీ పంది! నేను మర్చిపోతానేమోనని కాబోలు. ఒక్కదానికీ జవాబు రాయలేదు. అన్నీ ఎప్పుడో తగలబెట్టేశాను.

స్వెట్టరు నీలమన్నావు. ఎలాంటి నీలం? మెడ దగ్గర రెండు వరసల మెలిక అల్లిక ఉందా? ఊరికే అడుగుతున్నాను.

బూట్లు గదిలో కాదు, గుమ్మం బయట పెట్టు. నిన్ను పెంచింది నేనని అక్కడివాళ్ళకి తెలుసు.

ఎఫీ


ఓకునో
26 మార్చి 1984

అక్కా,

స్వెట్టరు నీలమే. అల్లిక సంగతి నాకేం తెలుసు? మెడ ఉంది, అందులోంచి తల వచ్చింది.

పీపాలు తొమ్మిదైనాయి. ఐదోదాంట్లో తడి అట్టపెట్టె వాసన ఉందని చెప్తే సకూమా పుస్తకంలో రాసుకున్నాడు. తొమ్మిదోది మాత్రం, ఎవరికీ చెప్పకు, ఫర్వాలేదు. ముందు పొగ, తర్వాత ఉప్పు, ఆఖర్న పీచుపండు లాంటిదేదో. నేను "ఫర్వాలేదు" అనగానే సకూమా పెన్ను కింద పెట్టేసి కిటికీ వైపు తిరిగిపోయాడు. పద్నాలుగు నెలలు మన ఊళ్ళో ఉన్నాడు కదా, నా నోట ఆ మాట విలువేమిటో అతనికి తెలుసు.

నాలుగు రోజులుగా అతను పని మీద పట్నంలో ఉన్నాడు. నాకు తోచక నిన్న సాయంత్రం నాలుగింటికే సారా కొట్టుకి వెళ్ళాను. దాన్ని నడిపేది హిసాయే అనే ఆవిడ. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా "అమ్మా" అనే పిలుస్తారు. గోడ పొడుగునా అరల్లో సీసాలే, ఒక్కోదాని మెడకీ ఒక చీటీ. సగం తాగినవి, పావు తాగినవి. ఇంత తాగి అంత వదిలేసిపోవడం ఏం మర్యాదో నాకర్థం కాలేదు.

అన్నిటికంటే పై అరలో, గడియారం వెనకాల, ఏం చూశాననుకున్నావు? మన బట్టీ సీసా! మనదే అక్కా, పాత లేబులుది, విప్పనిది, తళతళ తుడిచి ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కావాలని చూపించాను. అమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపి ఏదో పెద్ద ప్రసంగం చేసింది. అతిథినని మొహమాటపడుతోంది కాబోలనుకున్నాను. ఇంతలో చేపలబ్బాయి పిలిస్తే ఆవిడ వీధిలోకి వెళ్ళింది. నేను కుర్చీ ఎక్కాను.

బిరడా తీసి పొయ్యిలో పారేశాను. కొట్లో ఇంకో ముగ్గురున్నారు: మంగలి, స్టేషను మాస్టరు, పళ్ళ డాక్టరు. ముగ్గురికీ పోశాను. వాళ్ళు ముందు గ్లాసు ముట్టలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పొయ్యిలోకి చూశారు. తర్వాత లేచి నిలబడి, టోపీలు తీసి, ప్రార్థనలో తాగినట్టు తాగారు. మన సరుకంటే ఇక్కడ అంత భక్తి! అమ్మ తిరిగొచ్చి చూసి పీట మీద కూలబడింది. ఆవిడకీ ఒకటి పోశాను. ఏడింటికల్లా అడుగు కనిపించింది. మన ఊళ్ళో కూడా ఇంత పద్ధతిగా ఏ సీసా అయిపోలేదు.

దాని మెడకి నీలం ఉన్ని దారంతో కట్టిన చీటీ ఉంటే గుర్తుగా నీకు పంపుతున్నాను. ఈ దేశంలో ప్రతిదానికీ దారం కడతారు.

లాక్లన్


ఓకునో
31 మార్చి 1984

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పోస్టాఫీసులో చదవకు.

నిన్న సకూమా తిరిగొచ్చాడు. నేరుగా కొట్టుకే వెళ్ళాం. అమ్మ అతన్ని చూడగానే ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు చెప్పాడు సకూమా, ఇక్కడి పద్ధతి.

ఆ అరల్లో సీసాలు కొట్టువి కావట. ఒక్కోటి ఒక్కో మనిషిది. ఆ మనిషి వస్తాడు, కాస్త తాగుతాడు, మళ్ళీ మూసి పేరు రాసి అక్కడే పెడతాడు. సీసా ఉందంటే మళ్ళీ వస్తానని మాటిచ్చినట్టు. పక్కవాడిది ఎవరూ ముట్టరు, మనిషి చచ్చిపోయినా సరే. మూడు నెలలు రాకపోతే కొట్టువాళ్ళు తీసేస్తారు. నేను తాగింది ఇరవై రెండేళ్ళుగా ఉంది. అది నీ పేరు మీదుంది అక్కా.

నువ్వు రేవులో అతని చేతిలో పెట్టిన సీసాయే. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటే తప్ప విప్పకూడదనుకున్నాడట. అమ్మకి చెప్పి పై అరలో పెట్టించాడు. మూడు నెలల నిబంధన ఉంది కాబట్టి చీటీ మీద నీ పేరు రాసి, కింద "దారిలో ఉన్నారు" అని చేర్చాడు. ఏటా డిసెంబరు ఆఖర్న ఇద్దరూ దాన్ని కిందికి దింపి తుడిచి, చూసుకుని, నీకు కార్డు రాసేవారట. క్షేమంగా ఉందని. నువ్వు కంగారు పడకూడదని!

జంతువుల సంగతీ అడిగాను. ఇక్కడ ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు, పన్నెండేళ్ళకోసారి తిరిగి వస్తుంది. ఊరందరికీ అదే బొమ్మ. డెబ్బై ఒకటిలో ఇక్కడి మేయరుకి కూడా పందే వచ్చింది.

ఆ దారం అతని స్వెట్టరు ఉన్నిదేనని మంగలికి తెలుసు, స్టేషను మాస్టరుకి తెలుసు. నువ్వల్లిచ్చిన స్వెట్టరని నాకొక్కడికే తెలీలేదు.

తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది. నాకు వంగి దణ్ణం పెట్టి, "నేను ఊళ్ళో లేను, మీకు మర్యాదగా గ్లాసులైనా తుడిచి ఇచ్చారో లేదో, క్షమించండి లాక్లన్ గారూ" అన్నాడు. తర్వాత ఆ సీసా చేతిలోకి తీసుకుని అడిగాడు:

"ఎలా ఉంది రుచి?"

అక్కా, అతను ఒక్క చుక్క తాగలేదు. నేను, మంగలి, పళ్ళ డాక్టరు కలిసి మూడు గంటల్లో తాగేశాం. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

రెండో గది ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది. బూట్లు తీసేశాను. వాసన పోలేదు.

లాక్లన్


పోర్ట్ ఆర్నా
6 ఏప్రిల్ 1984

లాక్లన్,

నీ ఇరవై ఆరో తారీకు ఉత్తరం అందింది. నీలం దారం గుర్తుపట్టాను. నా ఉన్ని నాకు తెలీదా? అది నా సీసా.

అయితే ఇదన్నమాట సంగతి. నేనొక మనిషికిచ్చాను, అతను దాన్ని సారా కొట్టుకిచ్చాడు. వచ్చేపోయేవాళ్ళు చూసేలా గడియారం వెనకాల అలంకారం! పైగా క్షేమంగా ఉందని నాకు కార్డులు! ఇన్నాళ్ళూ పొగరనుకున్నాను, ఇది పొగరు కూడా కాదు. నువ్వు తాగేసి మంచి పని చేశావు. ఇన్నేళ్ళలో నువ్వు చేసిన బుద్ధిగల పని ఇదొక్కటే.

రాత్రంతా ఆగి పొద్దున్నే అతనికే రాశాను. మొదటిసారి. ఎనిమిది పేజీలైంది. కుందేలు నుంచి ఎలుక దాకా కార్డులన్నీ ముందేసుకుని, ఒక్కోదానికీ వరసగా జవాబు చెప్పాను. (తగలబెట్టానన్నది వేరేవి.) ఆఖరి పేజీలో ఏం రాశానో నీకనవసరం. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది ఎక్కడో ఒకచోట దింపాలి కదా. ఈ ఉత్తరంతో పాటే పెట్టెలో వేశాను.

నీ "ఫర్వాలేదు" దగ్గర దగ్గడం మర్చిపోయాను. పోస్టాఫీసులో అందరూ వినేశారు. "ముప్ఫై నాలుగేళ్ళు పక్కన పనిచేశాను, మన సరుకుని ఒక్కసారి ఫర్వాలేదన్నాడా?" అని ముసలి డూగీ కర్ర నేలకేసి కొట్టాడు. రోజూ అతనింటి నుంచి మనకొచ్చే చేపలు ఇవాళ రాలేదు.

ఎఫీ


పోర్ట్ ఆర్నా
12 ఏప్రిల్ 1984

తమ్ముడూ,

నీ ముప్ఫై ఒకటో తారీకుది ఇప్పుడే వచ్చింది. కూర్చునే చదివాను. మళ్ళీ లేవలేకపోయాను.

ఆ ఉత్తరం ఆపు. ఏం చేసైనా సరే ఆపు. ఇక్కడ నేను ఇషబెల్ కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. "పెట్టెలో పడ్డాక అది ప్రభుత్వం సొత్తమ్మా" అంటుంది. ఇన్నాళ్ళూ ఆ సొత్తుని ఆవిరి పట్టి చదివిన మనిషి!

అందులో అతన్ని కోతి అన్నాను లాక్లన్. నాలుగుసార్లు. ఆఖరి పేజీలో రాసింది అంతకంటే ఘోరం. అరవై రెండులో రేవు దగ్గర, నువ్వు ఒక్క మాట రమ్మని అడిగి ఉంటే నేను కోళ్ళనీ లాక్లన్‌నీ వదిలేసి నీ వెంట వచ్చేదాన్నని రాశాను. కోపంలో రాశాను. నిజమే కాబట్టి మరీ ఘోరం.

పోస్టుమాన్‌ని దారిలో పట్టుకో. కుర్చీ ఎక్కడం వచ్చు కదా నీకు, అవసరమైతే ఎక్కు.

ఎఫీ


ఓకునో
17 ఏప్రిల్ 1984

అక్కా,

నీ ఆరో తారీకు ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. నాది చదివి తలెత్తేసరికి సకూమా చేతిలో ఇంకోటి, లావుపాటిది. నీ చేతిరాత.

అతను కవరుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బరువు చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఇది మొదటిదని నాకే చెప్పాడు, నాకు తెలియనట్టు. నేను కాఫీ ఒలకబోసి చూశాను, కవరు ఎత్తి పట్టుకున్నాడు. "చదవద్దు, మా అక్క చేతిరాత అర్థం కాదు" అన్నాను. నవ్వాడు. స్వెట్టరు తొడుక్కుని బయల్దేరాడు. నేను చెప్పులతోనే వెనక పరిగెత్తాను.

ఎక్కడికెళ్ళాడో చెప్పనా? కొట్టుకి. అమ్మని స్టూలు అడిగి, పై అరలో గడియారం వెనకాల, ఖాళీ సీసాకి ఆనించి నీ ఉత్తరం పెట్టాడు. విప్పలేదు. దానికి కొత్త చీటీ కట్టాడు, నీ పేరుతో.

"చదవరా?" అన్నాను.

"ఆవిడొచ్చాక, ఎదురుగా కూర్చుని చదువుతాను" అన్నాడు.

ఈ మనిషికి ఏదీ విప్పే అలవాటు లేదు అక్కా. ఈసారికి దేవుడు మేలు చేశాడు. నేను మాత్రం ఆ అరని ముట్టను. మంగలీ స్టేషను మాస్టరూ వంతులేసుకుని నా మీద కన్నేసి ఉంచారు. నేను కుర్చీ జరిపితే చాలు, ఇద్దరూ లేస్తున్నారు.

పదకొండు పీపాలూ అయిపోయాయి. డూగీకి చెప్పు: తొమ్మిదోది ఫర్వాలేదన్నాను, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావుంది. మనదాని పక్కన కూర్చోగలిగినంత బావుంది. చేపలు పంపినా మానినా నా ముక్కు అబద్ధం చెప్పదు. ఎలా కుదిరిందని అడిగితే, మన ఊళ్ళో నేర్చుకున్నదే, తొందరపడలేదంతే అన్నాడు.

నా తిరుగు టిక్కెట్టు ఇంకా రాలేదు.

లాక్లన్


పోర్ట్ ఆర్నా
28 ఏప్రిల్ 1984

తమ్ముడూ,

సీసా విప్పలేదని ఇరవై రెండేళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ ఉత్తరం విప్పకుండా ఉంటే చాలని మోకాళ్ళ మీదున్నాను.

నీ టిక్కెట్టు పంపుదామని ముక్కు మూసుకుని మేజోళ్ళ సొరుగు తెరిచాను. ఒరే, దాని మీద పేరు చదివావా? అది నీ తిరుగు టిక్కెట్టు కాదు. నీది నీ మొదటిదానికే కుట్టి ఉంటుందట, ఇషబెల్ చెప్పింది, జేబులో చూసుకో. ఇది ఎడిన్‌బరా నుంచి జపానుకి. పేరు: ఎఫీ మెక్‌డఫీ. గడువు మే ఆఖరు. ఫిబ్రవరి నుంచీ నీ చిల్లుల మేజోళ్ళ కింద పడి ఉంది. అతను స్టేషన్లో ఆ రైలు వైపు ఎందుకు చూశాడో ఇప్పుడైనా తెలిసిందా నీకు?

మే పన్నెండో తారీకున బయల్దేరుతున్నాను. కోళ్ళని ఇషబెల్‌కి అప్పగించాను. నేను వచ్చేది నా ఉత్తరం వెనక్కి తీసుకోవడానికి, ఇంకెందుకూ కాదని పోస్టాఫీసులో అందరికీ చెప్పాను. అందరూ తలలూపారు. ఒక్కడూ నమ్మలేదు. "బావుంది" అన్న నీ మాట కూడా గట్టిగా చదివాను. డూగీ కర్ర పక్కన పెట్టి, "అయితే మన పని ఎక్కడో ఒకచోట బతికుందన్నమాట" అన్నాడు. సాయంత్రానికి చేపలు వచ్చాయి. వాటితో పాటు మన బట్టీ సీసా ఒకటి. తన చావు రోజున విప్పమని మంచం కింద దాచుకున్నదట. అది తెస్తున్నాను.

నువ్వు పంపిన పాత చీటీ ఇందులో పెట్టాను. ఖాళీ సీసా మెడకి మళ్ళీ కట్టమను. అందులో రాసింది ఇప్పుడు నిజం.

ఇంకొక్క మాట. కొత్త సీసా నేనే విప్పుతాను, అతనికి ముందు, నీకు ఆఖర్న. బిరడా పొయ్యి వైపు వెళ్ళిందా, నీ చెయ్యి విరగ్గొడతాను. అది ఒక్క సాయంత్రంలో అయిపోనక్కర్లేదు. నా పేరు రాసి అక్కడే పెట్టమంటాను.

అక్క,
ఎఫీ